ప్లేట్లు దాచుట, ప్లేట్లు వినిపించుట

గ్రామఫోను ప్లేట్లను సేకరించువారిలో రెండు తెగలవారు గలరు. బీరువానిండ ప్లేట్లు నింపి తాళము వేసి, వాని లెక్క చెప్పుకొని సంతసించువారు మొదటి తెగ. తమకు దొరకిన నాలుగింటినే మిత్రులకు వినిపించి, ఎచ్చట శ్రద్ధగా వినవలయునో చూపువారు రెండవ తెగ. సంగీతమును బ్రతికించువారు ఈ రెండవ తెగవారే యని నా యభిప్రాయము. ఇందుకు జాజ్ సంగీతప్రియులు చేసిన పని మంచి నిదర్శనము.

జాజ్ అమెరికాలోని న్యూ ఆర్లియన్సు పట్టణమున నల్లజాతివారి నడుమ పుట్టిన సంగీతము. మన విద్వాంసులు రాగమును విస్తరించునట్లు, జాజ్ వాద్యకారులును ఒక పాటను మూలముగా గైకొని తమ మనోధర్మముచే అప్పటికప్పుడు దానిని పెంచుదురు. ఒకనాడు వాయించినది మఱునాడు అట్లే రాదు. కావున ప్లేటుపై నిలిచినదే మనకు మిగులును. ఈ సంగీతపు తొలి ప్లేటు 1917లో వెలువడెను. లూయీ ఆర్మ్‌స్ట్రాంగు ‘హాట్ ఫైవ్’ బృందముతో 1925 మొదలు 1928 వఱకు ఇచ్చిన ప్లేట్లు దీనికి పునాదిరాళ్లు.

కాని అమ్మకము తగ్గిన ప్లేట్లను కంపెనీలు ముద్రించుట మానినవి. అప్పుడు వానిని కాపాడినవారు, పాతసామానుల యంగళ్లలో వెదకి, ఒకరికొకరు జాబులు వ్రాసికొని, ప్లేట్లు మార్చుకొనిన శ్రోతలే. 1936లో పారిసునందు షార్ల్ దెలోనే అను యువకుడు ఏ ప్లేటులో ఎవరెవరు ఏయే వాద్యములు వాయించిరో పట్టికలు గూర్చి గ్రంథముగా ప్రకటించెను. న్యూయార్కులో మిల్ట్ గేబ్లర్ అను వర్తకుడు తన దుకాణమునకు వచ్చు రసికుల కోరిక నెఱిగి, దొరకకుండ పోయిన ప్లేట్లను మరల ముద్రింపించెను. 1942లో యుద్ధము వలన లక్క కఱవు కాగా, అమెరికాలో పాత ప్లేట్లను లక్కకై ప్రోగుచేసిరి. అట్టి సమయమున పేరు తెలియని ప్లేటు వట్టి లక్క. పేరు తెలిసినది నిధి.

దూరదేశపు నాట్యశాలల సంగీతము మనకేల యని పెద్దలు కొందఱడుగవచ్చును. ఆ ప్లేట్లకు వలసిన లక్కలో పెద్దభాగము మన దేశమునుండియే పోయెడిది. కలకత్తాలో 1908లోనే ప్లేట్ల కర్మాగారము వెలసెను. 1945లో కలకత్తాయందు మరణించిన అమెరికా పియానో వాద్యకారుడు టెడ్డీ వెదర్‌ఫోర్డు ఆ నగరముననే జాజ్ ప్లేట్లిచ్చెను. 1958లో డేవ్ బ్రూబెక్కు మదరాసునకు వచ్చి, మృదంగ విద్వాంసులగు పళని సుబ్రహ్మణ్యపిళ్లగారితో గలసి వాయించెను. పాలకొల్లున బుట్టిన మాండొలిన్ శ్రీనివాసుగారు 1983లో, పదునాలుగేండ్ల ప్రాయమున, బెర్లిను జాజ్ ఉత్సవమున కర్ణాటక సంగీతమును వినిపించిరి. కాబట్టి ఈ చుట్టఱికము క్రొత్తది గాదు.

అయితే సిఫారసు చేయుటయు నొక విద్య. ‘చాల బాగున్నది, వినుము’ అన్నంత మాత్రమున సిఫారసు కాదు. వినువాని చెవి యెట్టిదో యెఱిగి చెప్పవలయును. తాళజ్ఞానము గలవానికి బ్రూబెక్కు బృందము 1959లో ఇచ్చిన ‘టేక్ ఫైవ్’ను చెప్పుడు. మన ఖండచాపు వలెనే దానికిని ఆవృత్తమునకు ఐదు లెక్కలు. కాని ఖండచాపు రెండును మూడునుగా నడచును, అది మూడును రెండునుగా నడచును. ఆలాపన యిష్టపడువానికి ఆర్మ్‌స్ట్రాంగు 1928లో ఇచ్చిన ‘వెస్ట్ ఎండ్ బ్లూస్’ను చెప్పి, తక్కిన వాద్యములు చేరకమునుపు ఆయన బూర ఒంటరిగా పలుకు ఆరంభమును వినుమనుడు. నెమ్మది కోరువానికి మైల్స్ డేవిసు 1959లో ఇచ్చిన ‘కైండ్ ఆఫ్ బ్లూ’ ఆల్బము తగును. అందొక స్వరముల వరుసను బట్టుకొని సావకాశముగా విస్తరింతురు గనుక రాగమునకు అలవాటుపడిన చెవికి అది పరాయిగా దోపదు. ఒక్కసారి ఇరువది పేర్లు చెప్పినచో ఎవడును ఒకటియైన వినడు, రెండు చాలును. విని నచ్చలేదన్నను కోపింపరాదు.

సెల్‌ఫోనులో సమస్తమును దొరకుచుండగా ఈ శ్రమ యేల యని విద్యార్థులందురు. ఫోను పేరడిగిన వానికి అడిగినదానిని ఇచ్చును. పేరెఱుగని వానికి పదిమందియు వినుచున్న దానినే మరల మరల వినిపించును. పేరు చెప్పుటకు తెలిసిన మనుష్యుడు కావలయును. మఱియు, ఎవరును అందులోని కెక్కింపని ప్లేటు అందెట్లు దొరకును?

మన తెలుగు ప్లేట్ల గతి యాలోచింపుడు. రంగస్థల నటుల పద్యములు, ద్వారం వెంకటస్వామినాయుడుగారి వాయులీనము, టంగుటూరి సూర్యకుమారిగారి పాటలు, ఘంటసాలవారి ‘పుష్పవిలాపము’ ప్లేట్లపై మ్రోగిన కాలము గలదు. పేరుపొందినవి నిలిచినవి. పేరుపొందని నటుడెవరో, ఆయన పద్యమునకు హార్మోనియము వాయించినదెవరో, ఒక తాతగారి జ్ఞాపకమున మాత్రమే యుండవచ్చును. అడుగువారు లేనిచో అది వారితోడనే పోవును. మైపాడు సముద్రపుగాలి తగులు మన సీమలో చెమ్మకు బూజు పట్టును, ప్లేటు నడుమనున్న చీటీ యూడును. చీటీ యూడిన ప్లేటునకు పేరు చెప్పగలవారు ఎందఱుందురు?

కావున విద్యార్థులారా! ఈ సెలవులలో మీ యింట నైనను బంధువుల యింట నైనను అటుకపై పాత ప్లేట్లున్నచో దింపించి చూడుడు. చీటీపై నున్న సంఖ్యను, పాటను, పాడినవారి పేరును ఒక నోటుపుస్తకమున వ్రాయుడు. పెద్దల నడిగి వారెఱిగినది చేర్చుడు. ప్లేట్లను ఎండలో బెట్టకుడు. దొంతరగా పేర్చక పుస్తకములవలె నిలువుగా నుంచుడు. లక్క స్పిరిటులో కరగును గనుక పాత ప్లేట్లను దానితో తుడువకుడు. తల్లిదండ్రులును వానిని పాత చెత్త యని పాఱవేయక, పిల్లలు అడిగినపుడు తమకు తెలిసినది చెప్పుదురు గాక. నెల కొక సాయంకాలము పాఠశాలలో ఒక్కొక్కరు ఒక్కొక్క పాటను వినిపించి, అది యెందుకు వినదగినదో నాలుగు వాక్యములలో చెప్పు ఏర్పాటుండిన మేలు. జాజు గాని, పద్యము గాని, చెప్పు విధ మొక్కటే. పారిసులో ఒక యువకుడు చేయగలిగిన పని ఇందుకూరుపేట పిల్లలకు అసాధ్యము గాదు.