బ్యూరెట్ తడవకుండానే పట్టా

డిగ్రీ మొదటి ఏడాది కెమిస్ట్రీ రికార్డు ఒకటి మా ముందుంది. అట్ట వేసి, లేబుల్ అంటించి, ముచ్చటగా ఉంది. కుడివైపు నీలి సిరాతో విధానం, ఎడమవైపు పెన్సిల్‌తో గీసిన పట్టిక. అందులో బ్యూరెట్ (ద్రావణం కొలిచే గాజు గొట్టం) రీడింగులు మూడు: 20.2, 20.1, 20.1. కింద లెక్చరర్ సంతకం. బ్యూరెట్ ఎలా ఉంటుందమ్మా అని ఆ రికార్డు రాసిన అమ్మాయిని అడిగితే, పుస్తకంలో బొమ్మ చూశానంది. రీడింగులు సీనియర్ రికార్డులోంచి దించుకుంది. ఆ సీనియర్ తనకంటే ముందువాళ్ల దగ్గర దించుకున్నాడు. ద్రావణం ఏటా కొత్తగా కలపాలి. కలిపిన ప్రతిసారీ గాఢత ఎంతో కొంత మారుతుంది. ఆ కాలేజీలో 20.1 మాత్రం చెక్కుచెదరలేదు.

ఇది ఒక్క కాలేజీ సంగతైతే ఈ సంపాదకీయం రాసేవాళ్లం కాదు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ, పేరున్న కొన్ని కాలేజీలను పక్కనపెడితే, చాలాచోట్ల ఇదే తంతు. మా అభియోగం సూటిగా ఇదీ: చేయని ప్రయోగానికి ఫలితం రాయడాన్ని మన ఉన్నత విద్య పిల్లలకు మొదటి ఏడాదిలోనే నేర్పుతోంది. నేర్పడమే కాదు, అందుకు మార్కులు కూడా వేస్తోంది. తప్పు ఆ అమ్మాయిది కాదు. ల్యాబ్ ఫీజు కట్టించుకుని సిల్వర్ నైట్రేట్ ఖరీదని కొనని యాజమాన్యానిది. ఆ ల్యాబ్‌ను కళ్లారా చూసి కూడా అఫిలియేషన్ ఇచ్చిన విశ్వవిద్యాలయానిది. ఖాళీ పోస్టులు నింపకుండా ఏళ్లు గడిపిన ప్రభుత్వాలది.

ఇంటర్ రెండేళ్లూ ఈఏపీసెట్ బిట్లతోనే సరిపోతాయి. 30 మార్కుల ప్రాక్టికల్స్ కోసం పరీక్షల ముందు నాలుగు రోజులు ల్యాబ్ తాళం తీస్తారు. కాబట్టి పిల్లలు రసాయనాన్ని చేత్తో తాకే అసలు అవకాశం డిగ్రీ మొదటి ఏడాదే. ఇచ్చిన లవణం ఏదో పరీక్షించి కనిపెట్టే సాల్ట్ అనాలిసిస్ ఉన్నది అందుకే. లెడ్ లవణ ద్రావణంలో పొటాషియం అయొడైడ్ నాలుగు చుక్కలు వేస్తే పచ్చని పసుపు అడుగుకు దిగుతుంది. నీళ్లు పోసి మంట మీద వేడిచేస్తే ఆ పసుపు కరిగి నీరంతా తేటపడుతుంది. పరీక్షనాళికను స్టాండులో పెట్టి చల్లారనిస్తే, నీళ్లలోంచి బంగారు రేకులు పుట్టి, మెరుస్తూ, మెల్లగా తిరుగుతూ కిందికి దిగుతాయి. ఒక్కసారి చూసినవాళ్లు ద్రావణీయత అనే మాటను జన్మలో మరిచిపోరు. చూడనివాళ్లకు దక్కేది గైడులో ‘యెల్లో పీపీటీ’ అనే రెండు ముక్కలు. ఆ పీపీటీ ప్రెసిపిటేట్‌కు పొట్టి పేరని, తాము బడిలో చదువుకున్న అవక్షేపం అదేనని చెప్పే దిక్కు కూడా చాలామందికి లేదు.

ఆంధ్రప్రదేశ్‌లో 2021-22 నుంచి డిగ్రీ చదువంతా ఇంగ్లిష్ మీడియంలోకి మార్చారు. పిల్లలకు ఇంగ్లిష్ రావాలి, కాదనం. కానీ తెలుగు మాటను తీసేసిన చోట అర్థాన్ని పెట్టలేదు. ఆక్సిజన్‌కు మన పాత పుస్తకాల్లో ఆమ్లజని అని పేరు. ఆమ్లాన్ని పుట్టించేదని అర్థం. ఆమ్లాలన్నిటిలో ఈ వాయువు ఉండి తీరుతుందని లావోయిజర్ నమ్మాడు. ఆ పొరపాటు ఆయన పెట్టిన పేరులోంచి మన పేరులోకీ వచ్చింది. హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో అది లేదని 1810లో డేవీ తేల్చాడు. ఈ ఒక్క పేరు పట్టుకుని మంచి మాస్టారు గంటసేపు పాఠం చెప్పగలరు. కానీ గంటకింతని లెక్కగట్టి, వచ్చే ఏడాది ఉంటారో ఊడతారో తెలియకుండా పెట్టుకున్న గెస్ట్ లెక్చరర్‌కు ఆ తీరిక ఎక్కడిది?

ఆవర్తన పట్టికను పిల్లలు పద్యంలా వల్లిస్తారు. అది ఎలా పుట్టిందో ఎవరూ చెప్పరు. 1867లో సెయింట్ పీటర్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో ఆచార్య పదవిలో చేరిన మెండలీవ్‌కు, మొదటి తరగతులకు చెప్పడానికి సరైన అకర్బన రసాయన పుస్తకం దొరకలేదు. తానే రాయడం మొదలుపెట్టాడు. మూలకాలను ఏ వరసలో చెప్పాలన్న తర్జనభర్జనలోంచే 1869లో పట్టిక వచ్చింది. అంటే కొత్త విద్యార్థుల కోసం ఒక మాస్టారు పడిన తపన అది. 1875లో గాలియం దొరికినప్పుడు దాని సాంద్రత 4.7 అని ప్రకటించారు. ఆ లోహాన్ని కంటితో చూడని మెండలీవ్, అది 5.9 దగ్గర ఉండాలి, శుద్ధి చేసి మళ్లీ కొలవండి అన్నాడు. కొలిచారు. 5.9 వచ్చింది. మళ్లీ కొలవండి అన్న ఆ మాట మన ల్యాబుల్లో వినపడదు.

మన కెమిస్ట్రీ పట్టభద్రులు వెళ్లేది జీడిమెట్ల, పాశమైలారం, పరవాడ, అచ్యుతాపురం ఫ్యాక్టరీలకు. చేయని పరీక్షలకు లెక్కలు రాయడం, వచ్చిన లెక్కలను చెరిపేయడం గురించి మన దేశపు మందుల కంపెనీలు కొన్నింటికి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పదేపదే హెచ్చరిక లేఖలు పంపింది. ఇక విశాఖ సంగతి. 2020 మే 7 తెల్లవారుజామున ఎల్జీ పాలిమర్స్ ట్యాంకులో స్టైరీన్ వేడెక్కి, పాలిమర్‌గా మారుతూ మరింత వేడెక్కి, ఆవిరై ఆర్ఆర్ వెంకటాపురం మీద పడింది. 12 మంది ప్రాణాలు పోయాయి. ట్యాంకు అడుగున తప్ప నడుమ, పైన ఉష్ణోగ్రత కొలిచే ఏర్పాటే లేదని విచారణలో బయటపడింది. ఆ దుర్ఘటనకు యాజమాన్యం, అధికారులు జవాబుదారులు, డిగ్రీ ల్యాబులు కావు. కానీ అలాంటి ట్యాంకు పక్కన రాత్రి డ్యూటీలో నిలబడేవాడికి, ఈ అంకె నిజంగా కొలిచిందేనా అన్న అనుమానం రావాలి. ఆ అనుమానాన్ని పదిహేడు పద్దెనిమిదేళ్ల వయసులోనే చంపేస్తున్నాం. రికార్డు చూపించిన అమ్మాయి ఇప్పుడు ఫైనలియర్‌లో ఉంది. మందుల కంపెనీలో క్వాలిటీ కంట్రోల్ ఉద్యోగం వెతుక్కుంటోంది.

విశ్వవిద్యాలయాలు ఈ సెమిస్టర్ నుంచే చేయగల పనులున్నాయి. అందమైన రికార్డుకు మార్కులు ఎత్తేయాలి. ల్యాబ్‌లో అప్పటికప్పుడు రాసిన రఫ్ నోట్సుకే, కొట్టివేతలతో, మరకలతో సహా, మార్కులివ్వాలి. ప్రాక్టికల్ పరీక్షలో ఒక్కొక్కరికీ వేర్వేరు గాఢత ఉన్న ద్రావణం ఇవ్వాలి. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ వచ్చేముందు అటెండర్ చేత సాల్టు పేరు చెప్పించే కాలేజీకి పరీక్షా కేంద్రం రద్దు చేయాలి. తనిఖీ బృందం ముందుగా కబురు పెట్టకుండా వెళ్లి, ఎవరో ఒక విద్యార్థిని పిలిచి, బ్యూరెట్ కడిగి నింపమని అడగాలి. నింపలేకపోతే సంజాయిషీ అడగాల్సింది ప్రిన్సిపాల్‌ను, అనుమతి పత్రం మీద సంతకం పెట్టిన వైస్ ఛాన్సలర్‌ను.