ఇంజెక్టర్ పోయిందంటే పరీక్ష కాగితం చూపాలి

పాత డీజిల్ కారు పొద్దున్నే స్టార్టవడానికి మొరాయించినా, ఘాట్ ఎక్కుతూ నల్లటి పొగ వదిలినా, మైలేజీ పడిపోయినా ముందుగా అనుమానం పోయేది ఇంజెక్టర్ల మీదికే. బానెట్ ఎత్తి, యాక్సిలరేటర్ రెండుసార్లు తొక్కి చూసి, ‘ఇంజెక్టర్లు పోయాయి సార్, నాలుగూ మార్చాలి’ అనేయడం చాలా గ్యారేజీల్లో మామూలైపోయింది. ఆ మాట ఒక్కోసారి నిజమే కావచ్చు. కానీ నిజమో కాదో తేల్చే పరీక్షలున్నాయి, వాటికి కొలతలున్నాయి, ఆ కొలతలను కాగితం మీద పెట్టవచ్చు. అన్నిటికీ కలిపి ఉండే ఒకే రైలు గొట్టం నుంచి ఎక్కువ ఒత్తిడితో డీజిల్ అందుకునే కామన్ రైల్ ఇంజెక్టర్ ఒక్కోటి వేలల్లో ఉంటుంది. నాలుగూ కొత్తవి వేయిస్తే, పదేళ్లు దాటిన కారును అమ్మితే వచ్చే డబ్బులో పెద్ద భాగం వాటికే పోతుంది. ట్యాక్సీ నడుపుకునేవాడికి అది నెలల సంపాదన. కాబట్టి ఊడదీసిన ప్రతి ఇంజెక్టర్‌నూ చూసి, పరీక్షించి, ఆ ఫలితాన్ని యజమాని చేతికి ఇచ్చాకే మార్చాలా వద్దా అన్న చర్చ మొదలవ్వాలి. ఇది మెకానిక్ దయ మీద ఆధారపడాల్సిన విషయం కాదు, రిపేరులో భాగం కావాలి.

లక్షణాన్ని బట్టి ఇంజెక్టర్‌దే తప్పని చెప్పలేకపోవడానికి గట్టి కారణముంది. గాలి తక్కువై డీజిల్ ఎక్కువైతే నల్లపొగ వస్తుంది. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయినా, టర్బో గొట్టం చీలినా, పొగలో కొంత తిరిగి ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వు మసి పట్టి తెరుచుకునే ఉండిపోయినా అదే పొగ. చల్లటి ఇంజిన్ స్టార్టవకపోతే గ్లో ప్లగ్ కాలిపోయి ఉండొచ్చు, డీజిల్ పైపు ఎక్కడో గాలి పీలుస్తుండొచ్చు, రైల్ ప్రెషర్ సెన్సర్ తప్పు లెక్క చెబుతుండొచ్చు, ఇంజిన్‌లో కంప్రెషనే తగ్గి ఉండొచ్చు. కాలుష్య తనిఖీ కేంద్రంలోని యంత్రం పొగ ఎంత చిక్కగా ఉందో చెబుతుంది. బీఎస్-4కు ముందు తరం డీజిల్ వాహనాలకు 65, బీఎస్-4 వాహనాలకు 50 హార్ట్‌రిడ్జ్ యూనిట్లు పరిమితి. ఆ అంకె దాటినప్పుడు వాహనం ఫెయిలైందని తెలుస్తుందే తప్ప ఎందుకు ఫెయిలైందో ఆ చీటీలో ఉండదు. ఆ ‘ఎందుకు’ను పట్టుకోకుండా ఇంజెక్టర్లు మారిస్తే, డబ్బు ఖర్చయ్యాక కూడా పొగ అలాగే ఉంటుంది.

నిజానికి ఇంజెక్టర్ మీద మొదటి సాక్ష్యం దాన్ని విప్పకముందే దొరుకుతుంది. అంబాసిడర్, పాత ఇండికా లాంటి మెకానికల్ పంపు బండ్లలో మన మెకానిక్‌లు ఒక్కో పైపు నట్టు లూజు చేసి ఇంజిన్ శబ్దం వినేవారు. ఏ సిలిండర్‌ది లూజు చేసినప్పుడు శబ్దం మారలేదో అక్కడే మిస్సింగ్ ఉన్నట్టు. మంచి పద్ధతే, కానీ కామన్ రైల్ ఇంజిన్ మీద ఆ పని చేయకూడదు. 2007లో వచ్చిన స్విఫ్ట్ డీజిల్, ఆ తర్వాత ఊరూరా ట్యాక్సీగా తిరిగిన డిజైర్, ఇన్నోవా, ఇలా ఈ తరం ఇంజిన్లలో రైలులో ప్రెషర్ వెయ్యి బార్లు దాటిపోతుంది. అంత ఒత్తిడితో చిమ్మే డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి దిగుతుంది. పైకి చిన్న సూది పోటులా కనిపించే ఆ గాయానికి వెంటనే ఆపరేషన్ అవసరమవుతుంది, ఆలస్యమైతే వేలు పోవచ్చు. ఇలాంటి ఇంజిన్లకు వేరే దారి ఉంది. స్కానర్ పెడితే ఐడిల్‌లో ఒక్కో సిలిండర్‌కు కంప్యూటర్ ఎంత డీజిల్ కలుపుతోందో, ఎంత తగ్గిస్తోందో కనిపిస్తుంది. ఒక్కో ఇంజెక్టర్ రిటర్న్ పైపును విడివిడిగా ఒక్కో గాజు గొట్టంలోకి వదిలి ఇంజిన్ నడిపితే, లోపల అరిగినది ఏదో కళ్లముందే తేలుతుంది. మూడు గొట్టాల్లో డీజిల్ ఒకే ఎత్తులో ఉండి నాలుగోది వాటికి రెండింతలు నిండితే, పంపు పంపిన డీజిల్‌ను ఆ ఇంజెక్టరే వెనక్కి వదిలేస్తోందన్నమాట. స్టార్టరు తిప్పేటప్పుడు రైలులో ప్రెషర్ నిలవకపోవడానికీ, బండి స్టార్టు కాకపోవడానికీ కారణం అక్కడుంది. ఈ పరీక్షకు స్పానర్లు, పైపు ముక్కలు, నాలుగు గొట్టాలు చాలు.

ఇక ఇంజెక్టర్లు బయటికి వచ్చాక కంటితో చేసే పరిశీలన చాలామంది దాటేసే దశ. ఊడదీస్తూనే ఏది ఏ సిలిండర్‌దో నంబరు వేయాలి. తీసిన నాలుగింటినీ ఒకే డబ్బాలో పడేసి డీజిల్‌తో కడిగేస్తే సగం సాక్ష్యం అక్కడే పోతుంది. కడగకముందు కొనను వెలుతురులో పట్టుకుని చూడాలి. పలుచగా, పొడిగా, నాలుగింటి మీదా ఒకేలా పట్టిన మసి మామూలుదే. ఒకదాని కొన మాత్రం తడిగా నిగనిగలాడుతుంటే లోపలి సూది సరిగా మూసుకోక డీజిల్ కారుతోందని అనుమానించాలి. అలా కారే డీజిల్ సిలిండర్ గోడల మీది ఆయిల్‌ను కడిగేస్తుంది, ఇంజిన్ ఆయిల్‌లో కలిసి డిప్‌స్టిక్ మీద మట్టం పెంచుతుంది, ముదిరితే పిస్టన్ పైభాగాన్ని కరిగిస్తుంది. నాజిల్ మీద తుప్పు మచ్చలుంటే డీజిల్‌లో నీళ్లు కలిసినట్టు. అప్పుడు ట్యాంకూ, ఫిల్టరూ శుభ్రం చేయకుండా కొత్త ఇంజెక్టర్ వేస్తే దానికీ అదే గతి. కొన నీలంగా కాలి ఉంటే వేడి ఎక్కువైందని అర్థం.

తర్వాత ఇంజెక్టర్ కింద ఉండే రాగి వాషర్. దాని వెడల్పు మొత్తం ఒకేలా నొక్కుకుని ఉండాలి. ఒక పక్క నుంచి నల్లటి చార బయటికి పాకి ఉంటే దహనపు గ్యాస్ అక్కడినుంచి తన్నుకొచ్చిందన్నమాట. ఇంజెక్టర్ చుట్టూ తారులా గట్టిపడే నల్లటి మడ్డి అలా పేరుకున్నదే. ఇంజిన్ పైనుంచి వచ్చే చుక్ చుక్ శబ్దానికీ, క్యాబిన్‌లోకి వచ్చే పొగవాసనకూ కారణం అదే కావచ్చు. దానికి మందు ఇంజెక్టర్ మార్చడం కాదు. కూర్చునే చోటును సరైన కట్టర్‌తో శుభ్రం చేసి, సరైన మందం ఉన్న కొత్త వాషర్ వేసి, కంపెనీ చెప్పిన బిగింపుతో బిగిస్తే చాలు. పాత వాషర్‌నే తిప్పి వేయడం, ఒకదాని మీద ఒకటి రెండు వేయడం మాత్రం కొత్త జబ్బు తెచ్చే పనులు. రెండు వేస్తే నాజిల్ ఉండాల్సిన లోతు మారిపోతుంది. ఇంజెక్టర్లు బయట ఉన్నప్పుడే ఆ రంధ్రాల్లోంచి కంప్రెషన్ కూడా కొలిచేయాలి. హెడ్ విప్పకుండా ఇంజిన్ ఆరోగ్యం తెలుసుకునే ఇంత సులువైన సందర్భం మళ్లీ ఎప్పుడో గానీ రాదు.

ఆ తర్వాతే టెస్ట్ బెంచి మీద పరీక్ష. పాత మెకానికల్ ఇంజెక్టర్‌కు చేతిపంపు, గేజీ ఉన్న నాజిల్ టెస్టర్ సరిపోతుంది. సిలిండర్‌కు ముందున్న చిన్న గదిలోకి డీజిల్ చిమ్మే ప్రీ-ఛాంబర్ ఇంజిన్లలో సూది సాధారణంగా 120 నుంచి 150 బార్ల మధ్య తెరుచుకోవాలి. సరిగ్గా ఎంత ప్రెషర్ దగ్గర తెరుచుకోవాలో ఆ మోడల్ పట్టికలో ఉంటుంది. అంతకంటే కాస్త తక్కువ ప్రెషర్‌లో పది సెకన్లు పట్టి ఉంచితే కొన నుంచి చుక్క రాలకూడదు. పిచికారీ సన్నటి మంచులా, పక్కకు ఒరగకుండా రావాలి. ప్రెషర్ తక్కువైతే లోపలి షిమ్ము మార్చి సరిచేయొచ్చు, నాజిల్ ఒక్కటే అరిగితే దాన్నొక్కదాన్నీ మార్చొచ్చు. కామన్ రైల్ ఇంజెక్టర్‌కు ఇది చాలదు. చేతిపంపు మీద చక్కగా చిమ్మినది కూడా అసలు ప్రెషర్‌లో తప్పు లెక్క ఇవ్వొచ్చు. కంప్యూటర్ బెంచి మీద ఐడిల్‌లో, పూర్తి లోడులో, అసలు చిమ్ముకు ముందు పడే చిన్న చిమ్ములో ఎంత డీజిల్ వస్తోందో, రిటర్న్‌లో ఎంత పోతోందో విడివిడిగా కొలిచి, ఉండాల్సిన హద్దుల పక్కన పెట్టి చూడాలి. ఇంజెక్టర్ లోపలి భాగాల మధ్య ఖాళీ 2 నుంచి 4 మైక్రాన్లు. తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. అంత సున్నితమైన అరుగుదలను చెవితో, కంటితో తేల్చడం ఎంతటి అనుభవజ్ఞుడికైనా అసాధ్యం. అల్ట్రాసోనిక్ క్లీనింగ్ మసిని వదిలిస్తుంది గానీ అరిగిన ఇనుమును తిరిగి తేలేదు. కాబట్టి క్లీనింగ్ ముందొకసారి, తర్వాతొకసారి కొలవాలి.

గ్యారేజీల వైపు నుంచి వచ్చే అభ్యంతరాల్లో బరువున్నవి ఉన్నాయి. కామన్ రైల్ బెంచి చిన్న గ్యారేజీ కొనలేని యంత్రమన్నది నిజం. కానీ ఎవరూ కొనక్కర్లేదు. విజయవాడ ఆటోనగర్‌లోనైనా, హైదరాబాద్‌లోనైనా పంపు కాలిబ్రేషన్ షాపులు ఉండనే ఉన్నాయి. చిన్న మెకానిక్‌లు ఇంజెక్టర్లు పంపేదీ అక్కడికే. బెంచి అంకెలు అక్కడ తెర మీద కనిపిస్తాయి, ప్రింటు కూడా తీయొచ్చు. ఆ కాగితం యజమాని దాకా రాకుండా ‘పోయింది’ అన్న మాట ఒక్కటే రావడం గురించే నా ఫిర్యాదు. నాలుగూ ఒకే వయసువి, ఒకటి పోతే మిగతావీ ఈరోజో రేపో పోతాయి, మళ్లీ మళ్లీ కూలి ఎందుకన్నది ఇంకో వాదన. అందులోనూ పస ఉంది. మిగతా మూడూ హద్దు అంచున ఉంటే నాలుగూ మార్చమనడమే మంచి సలహా. అంచున ఉన్నాయో లేవో తెలిసేది మాత్రం కొలిచినప్పుడే. మూడూ హద్దులో హాయిగా ఉంటే ఒక్కదాన్నే మార్చి, కోడ్ అవసరమైన మోడల్ అయితే దాని మీద ముద్రించిన కోడ్‌ను కంప్యూటర్‌లో ఎక్కిస్తే సరిపోతుంది. ఆ కోడ్ ఎక్కించకుండా వదిలేసి, కొత్త ఇంజెక్టర్ వేసినా ఇంజిన్ కొట్టుకుంటోందని ఇంకో భాగం మీద పడటం మరో దండగ. యజమానికి ఈ అంకెలు అర్థం కావు కదా అంటారు. రక్తపరీక్ష రిపోర్టులో అంకెలూ మనలో చాలామందికి అర్థం కావు, అయినా దాన్ని చేతికిస్తారు, ఇంకో డాక్టరుకు చూపించుకుంటాం. ఇంకో మెకానిక్‌కు చూపించుకునే వీలు కలగడమే ఈ కాగితం విలువ.

పాత డీజిల్ బండ్లకు ఇంత శ్రద్ధ ఎందుకు, తుక్కుకు పంపితే గాలైనా బాగుపడుతుంది కదా అనేవారిని తేలిగ్గా తీసిపారేయలేం. డీజిల్ పొగ ఊపిరితిత్తులకు చేసే హాని నిజం. కానీ రిజిస్ట్రేషన్, ఫిట్‌నెస్ ఉన్న బండి రేపు కూడా రోడ్డు మీదికి వస్తుంది. కొత్తది కొనే స్తోమత లేనివాళ్లే వాటిని నడుపుతున్నారు. తడి కొన ఉన్న ఇంజెక్టర్‌ను పట్టుకుని సరిచేసిన బండి, అనుమానంతో ఏదో మార్చేసి వదిలిన బండి కంటే తక్కువ పొగ వదులుతుంది. గాలి గురించి దిగులుపడేవారు కూడా సరైన పరీక్షను కోరాల్సింది ఇందుకే.

చట్టం యజమాని పక్షానే ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం సంబంధిత సమాచారాన్ని ఉద్దేశపూర్వకంగా దాచడం సేవాలోపమే. బిల్లు ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి. డబ్బు కట్టి చేయించుకున్న రిపేరు కూడా సేవే. అయితే ఇంజెక్టర్ వాషర్ కోసం వినియోగదారుల కమిషన్ మెట్లెక్కే ఓపిక ఎవరికుంటుంది? అందుకే వివాదం పుట్టకముందే అడ్డుపడే ఏర్పాటు కావాలి. ఆటోనగర్‌ల మెకానిక్ సంఘాలు, కాలిబ్రేషన్ షాపులు కూర్చుని ఒక పేజీ ఫారం ఒప్పుకుంటే చాలు. బండి నంబరు, కిలోమీటర్లు, ఇంజెక్టర్ నంబరూ అది ఏ సిలిండర్‌దన్నదీ, విప్పకముందు రిటర్న్ కొలత, కొన, వాషర్ ఎలా ఉన్నాయో ఒక్కో వాక్యం, వీలైతే ఫొటో, నాలుగు సిలిండర్ల కంప్రెషన్, బెంచి మీద వచ్చిన అంకె, పక్కనే ఉండాల్సిన హద్దు, కొత్తది వేస్తే దాని కోడ్, పరీక్షించినవారి సంతకం. తీసేసిన పాత ఇంజెక్టర్లను ఆ ఫారంతో కలిపి యజమానికి అప్పగించాలి. నిజాయితీగా పని చేసే మెకానిక్‌కు ఇందులో పోయేదేమీ లేదు. తక్కువ ధర చెప్పి పని పాడుచేసేవారితో పోటీ పడుతున్న అతని మాటకు రుజువుగా నిలబడేది ఆ కాగితమే.