ఖిబ్లా చూపే యాప్ ఎటు చూస్తున్నది?

విశ్వాసి ఖరీదెంత అని అడిగితే మన ఉలమాలు బదులివ్వడానికి తటపటాయిస్తారు. అమెరికాలోని ఎక్స్-మోడ్ అనే సంస్థకు మాత్రం అలాంటి సంకోచమేదీ లేకపోయింది. అమెరికాలో రోజూ 50 వేల మంది వాడే యాప్ ఏదైనా వారి ఆచూకీ తనకు అందిస్తే, ఆ యాప్ యజమానికి నెలకు 1,500 డాలర్లు రావచ్చునని తన వెబ్‌సైట్‌లోనే ప్రకటించుకున్నది. భాగించి చూస్తే తలకు నెలకు మూడు సెంట్లు. అప్పటి మారకం ప్రకారం రెండు రూపాయల చిల్లర. దర్గా ముంగిట చెప్పులు కాపలా కాసే మనిషి ఒక్క పూటకే ఇంతకన్నా ఎక్కువ పుచ్చుకుంటాడు. పైగా ఆయన మన చెప్పులు మనకే తిరిగి ఇస్తాడు.

ఈ బేరం సంగతిని 2020 నవంబరులో మదర్‌బోర్డ్ పత్రిక బయటపెట్టింది. నమాజు వేళలు చెప్పి, ఖిబ్లా దిక్కు చూపి, అజాన్ వినిపించే ‘ముస్లిం ప్రో’ యాప్‌ను అప్పటికి ప్రపంచమంతటా 9 కోట్ల 80 లక్షల సార్లు దించుకున్నారు. దాన్ని వాడేవారు ఎక్కడున్నారన్న సమాచారం ఎక్స్-మోడ్‌కు చేరుతున్నదని, ఆ ఎక్స్-మోడ్ ఖాతాదారులలో అమెరికా రక్షణశాఖ కాంట్రాక్టర్లు ఉన్నారని ఆ పత్రిక వెల్లడించింది. ముస్లిం ప్రో యాజమాన్యం ఆ కథనం అసత్యమన్నది. అసత్యమంటూనే ఎక్స్-మోడ్‌తో సహా డేటా భాగస్వాములందరితో తక్షణం తెగదెంపులు చేసుకుంటున్నామని కూడా ప్రకటించింది. లేని కాపురానికి విడాకులెందుకో మనకు అర్థం కాదు.

అదే కథనంలో అమెరికా ప్రత్యేక దళాల కమాండ్ కూడా ఉన్నది. మరో కంపెనీ నుంచి ఇలాంటి ఆచూకీ సాధనాన్నే కొన్నామని అది ఒప్పుకున్నది. విదేశాలలోని తమ దళాల అవసరాలకే దాన్ని వాడుతున్నామని, అమెరికా పౌరుల ఏకాంతాన్ని, హక్కులను కాపాడే నిబంధనలను తు.చ. తప్పక పాటిస్తున్నామని వివరణ ఇచ్చింది. ఎంత మర్యాద! అమెరికా పౌరులు కానివారికి ఏకాంతమనేది ఒకటుంటుందన్న ఊహ ఆ వాక్యంలో ఎక్కడా కానరాదు.

ఏదో ఒక యాప్ దారి తప్పిందని సరిపెట్టుకుందామా అంటే, రెండు నెలలైనా గడవకముందే ‘సలాత్ ఫస్ట్’ అనే మరో నమాజు యాప్ పేరు వచ్చింది. దాన్ని కోటి మందికి పైగా దించుకున్నారు. అది ఫ్రాన్సులోని ప్రెడిసియో అనే వ్యాపార సంస్థకు ఆచూకీలు అందించింది. 2022లో ‘అల్ మొఅజ్జిన్’ వంతు. పనామాలో నమోదైన ఒక కంపెనీ తయారుచేసిన కోడ్ అందులో ఇమిడి ఉన్నదని వాల్ స్ట్రీట్ జర్నల్ రాసింది. ఆ కంపెనీ మూలాలు తవ్వితే అమెరికా భద్రతా సంస్థలకు పనిచేసే వర్జీనియా కాంట్రాక్టరు తేలాడు. అదే కోడ్ క్యూఆర్ కోడ్ చదివే యాప్‌లోనూ ఉన్నదట. మనకొక్కరికే ఈ గౌరవం దక్కలేదన్నది ఊరట అనుకునేవారు అనుకోవచ్చు. కానీ క్యూఆర్ కోడ్ చదివేవాడి మతమేమిటో ఆ యాప్‌కు తెలియదు. నమాజు యాప్ విషయంలో ఆ వివరం అడగవలసిన పనే లేదు. పేరులోనే ఉన్నది.

అసలు ప్రశ్న చాలా చిన్నది. ఖిబ్లా చూపడానికి యాప్‌కు మన చోటు ఎన్నిసార్లు తెలియాలి? ఒక్కసారి. కర్నూలులోని ఇల్లు రాత్రికి రాత్రి నంద్యాలకు నడిచిపోదు. కాబా కూడా కదలదు. మన తెలుగు నేల మీద ఎక్కడ నిలబడినా ఖిబ్లా పడమరకే, కాస్త వాయవ్యంగా. నమాజు వేళలకైతే ఊరి పేరు చెబితే చాలు. మసీదు గోడకు వేలాడే క్యాలెండరు ఆ పని ఎన్నో ఏళ్ళుగా చేస్తున్నది, ఎవరినీ ‘నీవిప్పుడు ఎక్కడున్నావు’ అని అడగకుండానే. పద్నాలుగో శతాబ్దంలో డెమాస్కస్ ఉమయ్యద్ మసీదులో వేళలు నిర్ణయించే పదవిలో ఇబ్నుల్ షాతిర్ అనే ఖగోళ శాస్త్రవేత్త ఉండేవాడు. 1371లో ఆయన అక్కడి మినారుపై ఒక నీడ గడియారాన్ని నెలకొల్పాడు. అది వేళ చెప్పింది. చూడవచ్చినవాడు తర్వాత ఏ వీధికి పోయాడో రాసి పెట్టుకోలేదు.

‘అంగీకరిస్తున్నాను’ అని మీట నొక్కింది మీరే కదా అని కంపెనీల వాదన. సమ్మతి అంటే ఏమిటో మనకు ఎవరూ కొత్తగా నేర్పనక్కరలేదు. నికాహ్‌లో సాక్షులుంటారు, మహర్ ఎంతో నలుగురూ వినేలా చెబుతారు, ఆ మీదటే ‘కుబూల్’ అన్న మాట. ఇక్కడ ఒప్పందం నలభై పేజీలు, అక్షరం ఆవగింజంత, భాష వకీలుకు మాత్రమే తెలిసేది. సాక్షులు లేరు. ముట్టిన సొమ్ము ఎంతో చెప్పరు, అదీ మనకు కాక మరొకరికి ముడుతుంది. సరుకులోని లోపాన్ని దాచి అమ్మడం తగదని, పరుల గుట్టు కూపీ లాగరాదని ధర్మం తెలిసిన సమాజం మనది. నమాజు యాప్ నడిపేవారికి ఆ రెండు నియమాలూ తెలియవని నమ్మడం కష్టం.

తర్వాత ఏం జరిగింది? 2020 డిసెంబరులో ఆపిల్, గూగుల్ తమ దుకాణాల్లోని యాప్‌ల నుంచి ఎక్స్-మోడ్ కోడ్‌ను తీసేయాలని ఆదేశించాయి. ఎక్స్-మోడ్ మరుసటి ఏడాది చేతులు మారి, అవుట్‌లాజిక్ అని పేరు మార్చుకున్నది. ఊళ్ళో అప్పులు చేసినవాడు చేసే పని కూడా అదే. ప్రార్థనా స్థలాలు, ఆసుపత్రుల వంటి సున్నితమైన చోట్లకు వెళ్ళేవారి ఆచూకీ అమ్మరాదని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2024 జనవరిలో ఆ సంస్థను కట్టడి చేసింది. మంచిదే. అప్పటికే అమ్ముడుపోయినది ఎవరి అల్మారాలో ఉన్నదో ఎవరు వెతకాలి?

యంత్రానికి మన గురించి తెలియడం ఒక బెడద అయితే, తెలిసీ తెలియకపోవడం అంతకు మించిన బెడద. 2023 అక్టోబరులో కొందరు పాలస్తీనీయులు ఇన్‌స్టాగ్రామ్‌లో తమ పరిచయంలో ‘పాలస్తీనీయుణ్ణి’ అని, పక్కన తమ జెండా, ‘అల్‌హమ్దులిల్లాహ్’ అని రాసుకుంటే, యంత్రం దానికి చేసిన అనువాదంలో ‘ఉగ్రవాదులు’ అన్న మాట వచ్చి కూర్చున్నది. మెటా క్షమాపణ చెప్పి సరిదిద్దింది. స్తోత్రంలో ఉగ్రవాదం కనిపించిన ఆ యంత్రానికి పాఠం చెప్పిన గురువెవరో మాత్రం చెప్పలేదు.

దూరం పోనక్కరలేదు. తెలంగాణలో ‘సమగ్ర వేదిక’ అనే వ్యవస్థ ఉన్నది. వేర్వేరు శాఖల రికార్డులలోని పేర్లను, చిరునామాలను కలిపి చూసి, ఎవరు పేదలో ఎవరు కాదో యంత్రమే పట్టిచ్చే ఏర్పాటు. 2014 నుంచి 2019 వరకు రాష్ట్రంలో 18 లక్షలకు పైగా ఆహార భద్రతా కార్డులు రద్దయ్యాయి, ముందస్తు నోటీసు లేకుండానే. హైదరాబాదులో ఒక రిక్షా కార్మికుడి కుటుంబానికి రేషన్ నిరాకరించారు. కారణం ఆయనకు కారు ఉన్నదట. కారు ఉన్నది నిజమే, కానీ అది మరొకరిది. ఇద్దరి పేర్లకూ నడుమ ఒక్క పదమే తేడా. రిక్షా తొక్కేవాడిని కారు యజమానిని చేసిన ఘనత ఇంతవరకు ఏ సంక్షేమ పథకానికీ దక్కలేదు.

ఇది నవ్వి ఊరుకునే సంగతి కాదు. మన పేర్లను ఒక్కసారి తలచుకోండి. ఒకే మనిషి ఆధార్‌లో మొహమ్మద్, ఓటరు కార్డులో ‘ఎండీ’, బ్యాంకులో మహమ్మద్. గుంటూరులో షేక్ ముందుంటుంది, పాస్‌పోర్టు ఫారం దాన్ని వెనక్కి నెడుతుంది. పెళ్ళికి ముందు సుల్తానా అయిన అమ్మాయి పెళ్ళయ్యాక బేగం అవుతుంది, గుమాస్తా చేతిలో ‘బీ’గా మిగులుతుంది. ఒకే వీధిలో నలుగురు సయ్యద్ అలీలు ఉండవచ్చు. వారిని విడదీసి గుర్తుపట్టడం ఆ వీధి పాలవాడికి చేతనైన పని. కోట్లు పోసి కొన్న సాఫ్ట్‌వేరుకు చేతకాలేదు. తప్పు జరిగినప్పుడు సంజాయిషీ ఎవరిది? అధికారి కంప్యూటరు వైపు చూపుతాడు, సాఫ్ట్‌వేరు అమ్మిన కంపెనీ అధికారి వైపు చూపుతుంది. నడుమ నిలబడినది బియ్యం సంచి పట్టుకున్న విధవరాలు.

హైదరాబాదు సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. రద్దయిన కార్డులను క్షేత్రస్థాయిలో మళ్ళీ పరిశీలించాలని కోర్టు 2022 ఏప్రిల్‌లో ఆదేశించింది. ముఖాలను గుర్తించే కెమెరాల సాంకేతికతపై తెలంగాణ హైకోర్టు తలుపు తట్టిందీ ఆయనే. 2021 లాక్‌డౌన్‌లో పోలీసులు దారిలో ఆపి, మాస్కు తీయమని, వద్దన్నా ఫోటో తీసుకున్నారన్నది ఆయన ఫిర్యాదు. ఒక్క మనిషి ఇన్ని తలుపులు తట్టవలసి రావడం మన సంఘాలకు, జమాఅతులకు అంత శోభించే విషయమేమీ కాదు.

2023 నాటి డేటా పరిరక్షణ చట్టం మనకు కొన్ని హక్కులు రాసి ఇచ్చింది, ప్రభుత్వ సంస్థలను మినహాయించే వెసులుబాటును కేంద్రానికీ రాసి ఇచ్చింది. కనుక కంపెనీని అడగవలసినది కంపెనీని, ప్రభుత్వాన్ని అడగవలసినది ప్రభుత్వాన్ని వేరువేరుగా అడగాలి. ఏ కార్డు, ఏ పింఛను తీసేసే ముందైనా ఇంటికి తెలుగులో, ఉర్దూలో కాగితం రావాలి, అందులో ఏ రికార్డు ఆధారంగా తీసేస్తున్నారో ఉండాలి. ఇక ఈ జుమాకు వెళ్ళేలోగా ప్రతి ఇంట్లో ఒకరు ఫోను సెట్టింగులు తెరిచి, నమాజు యాప్‌కు లొకేషన్ అనుమతి ‘ఎల్లప్పుడూ’ అని ఉన్నదేమో చూడండి. ఉంటే తీసేసి, ఊరి పేరు చేత్తో రాయండి. ఫజ్ర్ అజాన్ మునుపటి వేళకే వినిపిస్తుంది.