ముక్కలు లాగే కట్ట పనికిరాదా? ఎవరన్నారండీ!

మొన్న దసరాకి జనగామ వెళ్ళినప్పుడు ఇంట్లో పెద్ద గొడవ. ఆస్తుల గొడవ కాదు లెండి, పేకముక్కలది. మ్యాజిక్ ద గ్యాదరింగ్ అనే ఆట గురించి. మా బామ్మర్ది మానుకోట నుంచి (స్టేషన్ బోర్డు మీద మహబూబాబాద్ అని ఉంటుంది, మా ఇంట్లో ఎవరూ అలా అనరు) తన కట్ట పట్టుకుని దిగాడు. చిన్నప్పటి దోస్తు ఒకడు భూపాలపల్లి నుంచి వచ్చాడు. సింగరేణిలో పని, డ్యూటీ దిగితే ఫోన్లో ఇదే ఆట.

బామ్మర్ది కాళ్ళు కూడా కడుక్కోకుండా మొదలెట్టాడు. "బావా, నా కట్ట అమ్మేస్తున్న. ముక్కలు గుంజే కట్టల కాలం అయిపోయిందట. ఇప్పుడంతా కొట్టుడే. వీడియోల చూసిన."

అది వాడు మొదటి జీతంలోంచి కొనుక్కున్న కట్ట. సగం ధరకి వదిలేస్తాడట, ఎవడో వీడియోలో చెప్పాడని! నాకు ఒళ్ళు మండింది. దానికి తోడు మా భూపాలపల్లి వాడి వంత: "నిజమే కదరా. నాలుగో టర్నుకల్లా ఎదుటోడు సంపుతుంటే నువ్వు ముక్కలు లెక్కవెట్టుకుంట కూసుంటవా?"

ఆట తెలియని వాళ్ళకి రెండు ముక్కల్లో చెప్తాను. కట్టలో కనీసం 60 ముక్కలు. చేతిలో 7తో మొదలు, టర్నుకి ఒకటి లాగాలి. ఇద్దరికీ చెరో 20 ప్రాణాలు, ముందు సున్నాకొచ్చినవాడు ఓడినట్టు. ఒకటి కంటే ఎక్కువ లాగించే ముక్కలు కొన్ని ఉంటాయి. వాటి చుట్టూ కట్టుకున్న కట్టలకి ఇంకా పోటీలో నిలిచే దమ్ముందా లేదా అన్నదే తగువు.

ఉంది అంటాను నేను. సాక్ష్యం కావాలా? ఆ ఆట తయారుచేసిన వాళ్ళ బ్యాన్ల పట్టిక చూడండి చాలు.

1993లో మొదటి సెట్లోనే రెండు ముక్కలొచ్చాయి. ఒకటి లైట్నింగ్ బోల్ట్: ఒక మానా ఖర్చు, మూడు దెబ్బలు. రెండోది ఏన్సెస్ట్రల్ రీకాల్: అదే ఒక మానా, మూడు ముక్కలు. వింటేజ్ ఫార్మాట్లో బోల్టులు ఇవాళ్టికీ నాలుగు పెట్టుకోవచ్చు. రీకాల్ ఒక్కటే పెట్టుకోవాలి. లెగసీలో అయితే అదీ కుదరదు. కొట్టుడే గొప్పదైతే ఈ కాపలా దేనికండీ?

2004 ఫిబ్రవరిలో స్కల్‌క్లాంప్ వచ్చింది. మన చిన్న జీవి చస్తే రెండు ముక్కలు లాగిస్తుంది. జూన్‌కల్లా స్టాండర్డ్‌లో బ్యాన్. 2014లో ట్రెజర్ క్రూజ్ వచ్చింది, 2015 జనవరికల్లా మోడర్న్‌లో అదీ బ్యాన్. ఈ క్రూజ్‌ని వాడుకున్నది ఎవరో తెలుసా? సాక్షాత్తూ కొట్టుడు కట్టల వాళ్ళే! చేతిలో బోల్టులన్నీ విసిరేశాక, వాడేసిన ముక్కల కుప్పతో ఖర్చు తగ్గించుకుని మళ్ళీ మూడు లాగేవాళ్ళు. అంటే మా వాళ్ళు గీస్తున్న "కొట్టుడు వేరు, లాగుడు వేరు" అనే గీతే తప్పు.

ఇక 2025 జూన్ 30న స్టాండర్డ్‌లో ఏడు ముక్కల్ని ఒకేసారి బ్యాన్ చేశారు. అందులో హార్ట్‌ఫైర్ హీరో, మాన్‌స్ట్రస్ రేజ్ లాంటి ఎర్ర కొట్టుడు ముక్కలున్నాయి. వాటి పక్కనే అప్ ద బీన్‌స్టాక్ ఉంది, అది పూర్తిగా లాగుడు ముక్క. కాలం చెల్లినదాన్ని ఎవడైనా బ్యాన్ చేస్తాడా?

"అదే నేను జెప్పేది, మంచియన్నీ బ్యాన్ అయినయి కదా" అన్నాడు భూపాలపల్లి వాడు. ఇది కాస్త ఆలోచించాల్సిన మాటే. 2023లో వచ్చిన ఆర్కిష్ బోమాస్టర్స్ లాంటి ముక్కలు ఎదుటివాడు అదనంగా లాగిన ప్రతిసారీ ఒక దెబ్బ వేస్తాయి. మూడో టర్ను మొత్తం ముక్కలు లాగడానికే ఖర్చుపెట్టి, నాలుగో టర్నులో ఆరు ముక్కలు చేతిలో పెట్టుకుని నేనూ చచ్చాను. చాలాసార్లు. ఒప్పుకుంటాను.

కానీ అది లాగడం తప్పా, ఎంత పెట్టి లాగామన్నది తప్పా? లెక్క వేద్దాం, ఎలాగూ ఇక్కడ చదివేవాళ్ళలో సగం మంది లెక్కల బాపతే :) కట్టలో ఒక కీలకమైన ముక్కకి నాలుగు కాపీలున్నాయనుకోండి. మొదటి 7 ముక్కల్లో ఒక్కటైనా ఉండే అవకాశం సుమారు 40 శాతం. మొదట ఆడేవాడికి నాలుగో టర్నుకి 10 ముక్కలు చూసినట్టు, 53 శాతం. ఇంకో నాలుగు అదనంగా లాగితే 67 శాతం. అంటే నాలుగు ముక్కలకి దొరికింది 14 శాతం. దానికోసం ఒక టర్నంతా పోగొట్టుకుంటే నష్టం, చిల్లర ఖర్చుతో దొరికితే లాభం. మన భాషలో చెప్పాలంటే ప్రీఫెచ్ లాంటిది. తెచ్చిన డేటా వాడుకుంటేనే వేగం, లేకపోతే బ్యాండ్‌విడ్త్ దండగ.

జనగామ నుంచి సికింద్రాబాద్‌కి రోజూ సీజన్ పాసు మీద తిరిగినవాళ్ళకి ఇది కొత్తేమీ కాదు. మోకాళ్ళ మీద తువ్వాలు పరిచి రమ్మీ ఆడేవాళ్ళని చూస్తూ పెరిగాం. ఒకటి తీయాలి, ఒకటి పడేయాలి. చేతిలో ఎప్పుడూ పదమూడే. ఎక్కువ ముక్కలున్నవాడు గెలవడం అనేదే లేదు, ఏది ఉంచుకోవాలో తెలిసినవాడు గెలుస్తాడు. 1967లో సుప్రీంకోర్టు మన ఆంధ్రప్రదేశ్ కేసులోనే రమ్మీని నైపుణ్యం ఆట అంది. పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవడం, ఉంచుకోవడం, పడేయడం, వీటిలో నేర్పు కావాలన్నదే కారణం. అక్కడా లాగడాన్ని ఎవరూ నేర్పనలేదు.

కాబట్టి నా మటుకు నాకు నియమాలు మూడే. లాగించే ముక్క చవకగా ఉండాలి. లేదా లాగించడంతో పాటు ఇంకో పని కూడా చేయాలి. లాగినవి వెంటనే ఆడేందుకు పనికొచ్చేవి కావాలి. ఈ మూడూ చూసుకోకుండా కట్ట నిండా లాగుడు ముక్కలు కుక్కి, ఓడిపోయి, "కాలం అయిపోయింది" అనడం, కోడ్ సరిగ్గా రాయలేక లాంగ్వేజ్‌ని తిట్టడం లాంటిదే.

ఆ రాత్రి బామ్మర్ది కట్టని నేల మీద పరిచాం. ఖరీదైన లాగుడు ముక్కలు నాలుగు తీసేశాం, మొదటి రెండు టర్నుల్లో ఎదుటివాడి జీవిని చంపే చవక ముక్కలు నాలుగు పెట్టాం. ఉన్న డబ్బాలోంచే, కొత్తగా పైసా ఖర్చు లేదు. తెల్లారేదాకా ఆడితే వాడు కొన్ని గెలిచాడు, కొన్ని ఓడాడు. ఒక్క రాత్రి ఆటతో ఏదీ రుజువైపోదు, కానీ ఒక్క వీడియోతో కూడా రుజువైపోదు కదా!

భూపాలపల్లి వాడు పొద్దున వెళ్తూ కూడా "నువ్వు ఎన్నన్న జెప్పురా, కొట్టుడే కొట్టుడు" అనే వెళ్ళాడు. పోనీండి. కట్ట మాత్రం బామ్మర్ది దగ్గరే ఉంది. నాకది చాలు.