మోకాళ్లకు విశ్రాంతి కాదు, బలం కావాలి

‘నలభై దాటాయి, ఇక మోకాళ్ల నొప్పులు మామూలే’ అనే మాట మన ఇళ్లలో తరచూ వినిపిస్తుంది. ఆ వెంటనే రెండు పనులు జరుగుతాయి. నడక, మెట్లెక్కడం మానేస్తారు. మందుల షాపులో అడిగి నొప్పి మాత్రలు తెచ్చుకుంటారు. రెండూ చేటు చేసేవే.

కీలుకు అండ దాని చుట్టూ ఉండే కండరాలే. కదలడం మానేస్తే తొడ కండరం బలహీనపడుతుంది. దాంతో మోకాలిపై ఒత్తిడి, నొప్పి ఇంకా పెరుగుతాయి. మాత్రలు నొప్పిని కాసేపు కప్పిపెడతాయంతే. డాక్టర్ చెప్పకుండా రోజూ మింగితే కడుపులో పుండ్లు పడొచ్చు, కిడ్నీలు దెబ్బతినొచ్చు. బీపీ, షుగర్ ఉన్నవారికి ఈ ముప్పు మరీ ఎక్కువ.

ఇంట్లోనే చేయదగింది చాలా ఉంది. కుర్చీలో నిటారుగా కూర్చుని ఒక కాలిని ముందుకు తిన్నగా చాపండి. అయిదు సెకన్లు ఉంచి దించండి. ఒక్కో కాలికి పదిసార్లు చొప్పున రెండు పూటలా చేయండి. చదునైన చోట నడవండి. నొప్పి ఎక్కువగా ఉన్న రోజుల్లో బాసింపట్టు వేసుకోవడం, గొంతుక్కూర్చోవడం తగ్గించండి. అధిక బరువు ఉంటే తగ్గించుకోండి. ఒక్క కిలో తగ్గినా ప్రతి అడుగులో మోకాలిపై దాదాపు నాలుగు కిలోల భారం తగ్గుతుంది.

కీళ్ల బాధ నొప్పితో తెలుస్తుంది. ఎముకలు గుల్లబారడం మాత్రం విరిగేదాకా తెలియదు. నెలసరి ఆగాక మహిళల్లో ఇది వేగం పుంజుకుంటుంది. పెద్దలకు రోజుకు 1000 మిల్లీగ్రాముల క్యాల్షియం కావాలి, నెలసరి ఆగినవారికి 1200. అన్నంలో దొరికేది చాలా స్వల్పం. వంద గ్రాముల రాగుల్లో సుమారు 350, పెద్ద గ్లాసు పాలలో దాదాపు 300 మిల్లీగ్రాములు ఉంటాయి. నువ్వులు, మునగాకు కూడా మంచివే. అయితే పాలు, పెరుగు అందరికీ వడ్డించి, తన వంతు వచ్చేసరికి మజ్జిగ నీళ్లతో సరిపెట్టుకునే అమ్మలు ఇప్పటికీ ఎందరో! క్యాల్షియం, విటమిన్-డి మాత్రలు అవసరమో కాదో డాక్టర్‌నే అడగండి.

కీలు వాచి వేడిగా ఉన్నా, నొప్పితో పాటు జ్వరం వచ్చినా, పొద్దున లేచాక కీళ్లు అరగంటకు మించి బిగుసుకుపోతున్నా, కాలిపై బరువు మోపలేకపోయినా ఇంటి చిట్కాలతో కాలయాపన చేయొద్దు. వెంటనే డాక్టర్‌ను కలవండి.

‘నువ్వు కూర్చో అమ్మా, మేం చేస్తాంలే’ అనడం ప్రేమే. ‘పద అమ్మా, కాసేపు నడిచొద్దాం’ అనడం ఆమె కాళ్లకు ఇంకా మేలు.