యుద్ధమొస్తే మన ఊళ్లో ఏం మారుతుంది? సైరన్ లేని చౌడేపల్లెకు కబురు ఎలా చేరుతుంది?

2025 మే 7న సాయంత్రం హైదరాబాద్, విశాఖపట్నంలో సైరన్లు మోగాయి. అవి దాడి సైరన్లు కావు, ‘ఆపరేషన్ అభ్యాస్’ మాక్ డ్రిల్. దేశంలోని 244 సివిల్ డిఫెన్స్ జిల్లాల్లో డ్రిల్ చేయాలని రెండు రోజుల ముందే కేంద్ర హోంశాఖ ఆదేశించింది. ఇంత పెద్ద ఎత్తున ఇలాంటి కసరత్తు జరగడం 1971 తర్వాత అదే తొలిసారి. మే 10కి కాల్పులు ఆగాయి. యుద్ధం నెలల తరబడి సాగి ఉంటే? మీరు నగరంలో, అమ్మానాన్నలు పుంగనూరు పక్కన చౌడేపల్లెలో ఉంటే వాళ్ల సంగతేంటి?

సైరన్ ఎక్కడ మోగుతుంది?

ఓడరేవులు, రక్షణ కర్మాగారాలు, సరిహద్దుల వంటి ముప్పున్న చోట్లనే సివిల్ డిఫెన్స్ ప్రాంతాలుగా ప్రకటిస్తారు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు బాంబులు వేసిన విశాఖ ఆ జాబితాలో ఉండటంలో వింత లేదు. చౌడేపల్లె, పుంగనూరు, మదనపల్లె, కుప్పం లేవు. అక్కడ నేరుగా దాడి జరిగే అవకాశం తక్కువే. కానీ సుదీర్ఘ యుద్ధంలో కరెంటు, డీజిల్, మందులు, రైళ్ల ఇబ్బందులు జాబితా చూసి రావు.

సైరన్ శబ్దం పెరుగుతూ తగ్గుతూ మోగితే ప్రమాద హెచ్చరిక. ఒకే స్థాయిలో ఆగకుండా మోగితే ప్రమాదం తప్పిందని అర్థం.

ప్రభుత్వానికి ఏ అధికారాలు ఉంటాయి?

ప్రధానంగా మూడు చట్టాలు. 1968 సివిల్ డిఫెన్స్ చట్టం కింద దీపాలు ఆర్పించడం, జనాన్ని తరలించడం, వాలంటీర్లను పిలవడం చేయవచ్చు. 1955 నిత్యావసర సరుకుల చట్టం కింద నిల్వలపై పరిమితి పెట్టి, అక్రమ నిల్వలను స్వాధీనం చేసుకోవచ్చు. 2005 విపత్తు నిర్వహణ చట్టం జిల్లా స్థాయిలో కలెక్టర్‌ నాయకత్వంలో ఒక యంత్రాంగాన్ని ఏర్పాటు చేసింది. జాబితాలో లేని మండలాలకు ఆచరణలో దిక్కు ఈ యంత్రాంగమే.

మరి డబ్బు? 2025 మే 9న హోంశాఖ రాష్ట్రాలకు లేఖ రాసి, సివిల్ డిఫెన్స్ నిబంధనల్లోని అత్యవసర కొనుగోళ్ల అధికారాలు వాడుకోమంది. ఆ నిబంధనల ప్రకారం స్థానిక సంస్థల నిధుల్లో ఈ ఖర్చుకే మొదటి ప్రాధాన్యం. అంటే వీధి కాలువకు దాచిన సొమ్ము ముందుగా జనరేటర్‌కు వెళ్లవచ్చు.

బియ్యం, పెట్రోలు దొరుకుతాయా?

మన దేశంలో రేషన్ వ్యవస్థ మొదలైందే రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో. ఆంధ్రప్రదేశ్‌లో 2025 జూన్ 1 నుంచి సరుకులు వాహనాల్లో కాకుండా మళ్లీ చౌకధరల దుకాణాల్లో ఇస్తున్నారు. కొరత వస్తే పంపిణీ భారమంతా పడేది ఆ డీలర్ మీదే. మే 2025లో కొన్నిచోట్ల బంకుల దగ్గర క్యూలు కట్టారు. ఇంధనానికి కొరత లేదని చమురు సంస్థలు, తిండిగింజల నిల్వలు పుష్కలంగా ఉన్నాయని కేంద్రం ప్రకటించాల్సి వచ్చింది. సరుకు ఉన్నా అందరూ ఒక్కరోజే కొంటే కొరత పుడుతుంది. ఆ దెబ్బ ముందు తగిలేది ఏ రోజు కూలి ఆ రోజు తినేవాళ్లకే.

ఊరికి కబురు ఎలా?

2023లో మీ ఫోన్ పెద్దగా మోగి ‘అత్యవసర హెచ్చరిక’ అని పరీక్ష సందేశం వచ్చిందా? అది సెల్ బ్రాడ్‌కాస్ట్. ఇంటర్నెట్ లేకున్నా, ఆ టవర్ పరిధిలోని ఫోన్లన్నిటికీ ఒకేసారి వెళుతుంది. కరెంటు పోతే మాత్రం టవర్ బ్యాటరీ, డీజిల్ ఉన్నంతసేపే పనిచేస్తుంది. ఆ తర్వాత మిగిలేవి గ్రామ సచివాలయం, గుడి మైకు, దండోరా. జనం ఎక్కువగా వచ్చే బోయకొండ గంగమ్మ ఆలయం కూడా చౌడేపల్లె మండలంలోనే ఉంది. కాబట్టి ఈ ఏర్పాటు ఊరివాళ్ల కోసమే కాదు, బయటి నుంచి వచ్చే భక్తుల కోసం కూడా.

మీరు ఇప్పుడే చేయగలిగినవి

- ఇంట్లో పెద్దలు రోజూ వాడే మందులు రెండు వారాలకు సరిపడా ఉంచండి. టార్చి, పవర్ బ్యాంకు, కొంత నగదు సిద్ధంగా పెట్టండి.
- ఫోన్‌లో అత్యవసర హెచ్చరికల సెట్టింగ్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ ‘సచేత్’ యాప్ వేసుకోండి. 112, 108 నంబర్లు అమ్మానాన్నలకు నేర్పండి.
- సైన్యానికి విరాళమంటూ వచ్చే వాట్సాప్ సందేశాలు నమ్మి డబ్బు పంపకండి. అలాంటి ఒక సందేశం తప్పుదారి పట్టించేదని 2025 ఏప్రిల్‌లో రక్షణశాఖే ప్రకటించింది.
- సైనిక వాహనాల కదలికలను వీడియో తీసి పంచుకోకండి.
- వాలంటీరుగా చేరాలంటే ‘మై భారత్’ పోర్టల్ చూడండి. మే 2025లో యువతను సివిల్ డిఫెన్స్‌కు పిలిచింది అక్కడి నుంచే.

యుద్ధం వచ్చినప్పుడు ఊరికోసం కొత్త వ్యవస్థ ఏదీ ఊడిపడదు. ఇవాళ ఉన్న రేషన్ డీలర్, లైన్‌మన్, ఏఎన్ఎం, సచివాలయ ఉద్యోగులే ఆ రోజూ పనిచేయాలి. ఇవాళ ఖాళీగా ఉన్న పోస్టు ఆ రోజూ ఖాళీగానే ఉంటుంది. అందుకే వచ్చే గ్రామసభలో మూడు ప్రశ్నలు అడగమని మీవాళ్లకు చెప్పండి. రాత్రిపూట హెచ్చరిక వస్తే మైకులో చెప్పేదెవరు? మంచినీళ్ల మోటారుకు జనరేటర్ ఉందా? మంచం దిగలేని వృద్ధుల జాబితా ఎవరి దగ్గర ఉంది? ఈ జవాబులు తుపానుకూ అక్కరకొస్తాయి, కరోనా లాంటి కష్టానికీ అక్కరకొస్తాయి.