ఆ చూపు ఎవరిది?

మా నాన్న శ్రీరాంపూర్ బాయిలో పనిచేసినన్నాళ్లూ మా అమ్మకు ఇంట్లో ఇంకో డ్యూటీ ఉండేది. ఆయన నైట్ షిఫ్టు దిగి గడప తొక్కగానే ముఖంలోకి చూసేది. లోపల కప్పు కూలిందా, పక్క మనిషికి దెబ్బ తగిలిందా, వస్తూ తాగాడా – అడగకుండానే ఆమెకు తెలిసేది. ఆ చూపుకు జీతం లేదు, పేరూ లేదు.

ఇప్పుడు ఆ విద్యనే మరబొమ్మలకు నేర్పి అద్భుతం అంటున్నారు. 2018 ఫిబ్రవరిలో హైదరాబాదులో జరిగిన ప్రపంచ ఐటీ సదస్సుకు సోఫియా అనే రోబో వచ్చింది. దాని కళ్లలో కెమెరాలుంటాయి. అవి ఎదుటి ముఖాన్ని వెతికి పట్టుకుంటాయి. కళ్లలోకి చూస్తే మనం నమ్ముతామనీ, మధ్యలో కాస్త పక్కకు చూస్తే ఆలోచిస్తోందనుకుంటామనీ ఇలాంటి రోబోలను తయారుచేసేవాళ్లకు తెలుసు. శ్రద్ధ లేకుండానే శ్రద్ధ నటించడమన్నమాట!

దానికి ఆడముఖమే ఎందుకు? ఓపిగ్గా చూస్తూ, నవ్వుతూ, తలూపుతూ వినే పని తరతరాలుగా మనదే కాబట్టి. 2017 అక్టోబరులో సౌదీ అరేబియా ఈ బొమ్మకు పౌరసత్వం ప్రకటించింది. అప్పటికి అక్కడి స్త్రీలకు కారు నడిపే హక్కు కూడా లేదు. అది 2018 జూన్‌లో గానీ రాలేదు.

2006లో అమెరికాలోని కార్నెగీ మెలన్ పరిశోధకులు ఆసిమో అనే రోబోతో ఇద్దరిద్దరికి కథ చెప్పించారు. అది ఎవరివైపు ఎక్కువ చూసిందో వాళ్లకు కథ బాగా గుర్తుంది. కానీ ఆ చూపును బట్టి రోబో మీద ఏర్పడిన అభిప్రాయం మాత్రం ఆడవాళ్లలో ఒకలా, మగవాళ్లలో ఇంకోలా ఉంది. బస్సుల్లో, బజార్లలో మనల్ని వదలని చూపుల మధ్య పెరిగిన మనకు ఇందులో వింతేముంది?

ఒంటరి ముసలివాళ్లకు తోడు కదా అంటారు. మొన్న అమ్మను ఆసుపత్రికి తీసుకెళ్లాను. డాక్టరు కంప్యూటర్ మీంచి కళ్లు తిప్పలేదు. బయటికొచ్చాక అమ్మ అంది: "నా మొకం జూడకుంటనే మందులు రాసిండు బిడ్డా."

రేపు అక్కడ రోబోను పెడితే అది అమ్మ ముఖం చూస్తుంది. అమ్మ సంతోషిస్తుంది కూడా. నా భయం అదే. మనిషిని పెట్టడానికి డబ్బుల్లేవన్నవాళ్లు బొమ్మను పెట్టి చేతులు దులుపుకుంటారు. పైగా అమ్మ చూసింది అమ్మలోనే దాగేది. కెమెరా చూసింది ఎవరి దగ్గరికి పోతుందో అమ్మకెవరు చెబుతారు?

మాకు బొమ్మ కళ్లు వద్దు. జీతమిచ్చి నర్సులను పెట్టండి, రోగి ముఖం చూసేంత తీరిక వాళ్లకివ్వండి. మా అమ్మ జీవితమంతా చేసింది కూడా పనేనని ముందు ఒప్పుకోండి.